‘అద్దం ఉంది కదా’ అన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది? మ్యూజియం చిత్రాలపై వాతావరణ నిరసనల గురించి

మీరు అడిగింది ఇది: వాతావరణ ఉద్యమకారులు మ్యూజియంలో చిత్రాల మీద సూప్ పోస్తున్నారు, ముందు అద్దం ఉంటుంది కాబట్టి చిత్రానికి ఏమీ కావడం లేదు, మరి అందులో తప్పేముంది? భూమి ఇంతగా వేడెక్కుతుంటే ఒక పటం గురించి ఈ గొడవంతా దేనికి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మ్యూజియంలో నిరసన తెలపడం తప్పు కాదు. ఉద్యమకారుల ఆందోళనలో అతి కూడా లేదు. కానీ చిత్రం మీద ద్రవం పోయడం, ఫ్రేముకు జిగురుతో చేయి అంటించుకోవడం, సుత్తితో అద్దం పగలగొట్టడం తప్పు. కళ పవిత్రమైనది కాబట్టి ముట్టుకోకూడదు అనే కారణంతో కాదు. ‘అద్దం ఉంది, ఏమీ కాదు’ అన్న ఒక్క మాట మీదే ఆ పని నైతికత అంతా ఆధారపడి ఉంది. ఆ మాట నిజమో కాదో పోసేవాళ్లకు ముందుగా తెలిసే దారి లేదు. అందుకని అద్దం దగ్గరే మొదలుపెడతాను.

2022 అక్టోబర్ 14న లండన్ నేషనల్ గ్యాలరీలో జస్ట్ స్టాప్ ఆయిల్ అనే బ్రిటన్ వాతావరణ ఉద్యమ బృందం కార్యకర్తలు ఇద్దరు, వాన్ గో 1888లో వేసిన ‘సన్‌ఫ్లవర్స్’ మీద టమాటో సూప్ పోశారు. అద్దం ఉంది కాబట్టి చిత్రం బయటపడింది, అదే రోజు మళ్లీ గోడకెక్కింది. ఫ్రేము మాత్రం దెబ్బతింది. అది 17వ శతాబ్దపు ఇటాలియన్ ఫ్రేము. నష్టం 10,000 పౌండ్ల వరకు ఉంటుందని కోర్టులో లెక్క చెప్పారు. ‘ఫ్రేమే కదా, చెక్కే కదా’ అని చాలామంది తేలిగ్గా తీసేశారు. పాత బంగారు పూత ఫ్రేము ఎలా తయారవుతుందో తెలిస్తే ఆ మాట అనరు. చెక్క మీద ముందు జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు కలిపిన తెల్లటి పూత పొరలు పొరలుగా వేస్తారు, దాన్ని గెస్సో అంటారు. దాని మీద ఎర్రమట్టి పూత. ఆ మట్టిని నీటితో తడిపి, మిల్లీమీటరులో పదివేలో వంతు మందం కూడా కష్టంగా ఉండే బంగారు రేకును పరుస్తారు. అంటే ఆ బంగారాన్ని అక్కడ పట్టి ఉంచేది నీళ్లలో కరిగే జిగురే. తడి తగలగానే గెస్సో ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే మురికికన్నా ముందు బంగారం లేచిపోతుంది. మూడు వందల ఏళ్లలో దానంతట అది వచ్చిన మెరుపు, రంగు ఒకసారి పోతే కొత్తగా పూత వేయొచ్చు గానీ పాతదాన్ని తేలేరు. సూప్‌లో నీటితో పాటు ఆమ్లం, ఉప్పు, చక్కెర కూడా ఉంటాయి. సందుల్లో మిగిలిన చక్కెర, ఉప్పు గాలిలో తేమను లాగుతూనే ఉంటాయి. గాలిలో తేమ 65, 70 శాతం దాటిన చోట ఆ మిగులు మీద బూజు మొదలయ్యే ప్రమాదం ఉంటుంది.

ఇక చిత్రం దగ్గరికి. ద్రవం అద్దం మీదుగా కిందికి జారి ఫ్రేము అడుగు అంచుకు చేరుతుంది. అక్కడ అద్దానికీ ఫ్రేము గాడికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. పునాది నుంచి గోడకు చెమ్మ ఎక్కినట్టు, ఆ సందులోకి ద్రవం తనంతట తానే పాకుతుంది. అద్దం, వెనక పలక, చుట్టూ అంచులు అన్నీ టేపుతో మూసేసిన అమరికైతే అది అక్కడే ఆగుతుంది. పాత పద్ధతిలో అద్దాన్ని గాడిలో ఒక గుడ్డ పట్టీ మీద నిలబెట్టి ఉంటే ఆ పట్టీయే ద్రవాన్ని పీల్చి లోపలికి అందిస్తుంది. అప్పుడు దెబ్బ తగిలేది రంగు వేసిన వైపు కాదు, కాన్వాసు అడుగు అంచుకు, వెనక వైపుకు. అటువైపు వార్నిష్ లేదు, రంగు లేదు, వట్టి గుడ్డ. కాన్వాసుకు మొదట పట్టించేదీ జంతు జిగురే. తడిస్తే అది ఉబ్బుతుంది, గుడ్డ ముడుచుకుంటుంది, పైన వందేళ్లుగా గట్టిపడిన రంగు పొర మాత్రం ముడుచుకోలేక పెచ్చులుగా లేస్తుంది. ఇది ఆ రోజే కనబడకపోవచ్చు, ఆరే క్రమంలో బయటపడవచ్చు. అందుకే కన్జర్వేటర్లు, అంటే కళాఖండాలను కాపాడి బాగుచేసే నిపుణులు, ‘ఏమీ కాలేదు’ అని గంటలో చెప్పరు. ఫ్రేము విప్పి, అడుగు అంచు చూసి, ఆ తర్వాతే మాట్లాడతారు.

అద్దాలన్నీ ఒకటి కావన్నది ఇక్కడ అసలు విషయం. లూవ్ర్‌లో ‘మోనాలిసా’ తూటాకు తట్టుకునే అద్దం వెనక, ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉండే పెట్టెలో ఉంది. 2024 జనవరి 28న దాని మీద గుమ్మడికాయ సూప్ పోస్తే నిజంగానే ఏమీ కాలేదు. 2023 నవంబర్ 6న నేషనల్ గ్యాలరీలో వెలాస్కెజ్ ‘రోక్‌బీ వీనస్’ మీద అత్యవసర సుత్తులతో కొట్టినప్పుడు అద్దం పగిలింది, చిత్రాన్ని పరీక్షకు దింపాల్సి వచ్చింది. రెండు పలకల మధ్య పొర అతికించిన లామినేటెడ్ అద్దమైతే ముక్కలు రాలకుండా పట్టుకుంటుంది, మామూలు అద్దమైతే ముక్కలు రంగు మీదే పడతాయి. అద్దానికి బదులు వాడే యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ పలక అంత తేలిగ్గా పగలదు, కానీ అసిటోన్ లాంటి ద్రావకం తగిలితే మసకబారి చిట్లుతుంది. రంగు పెచ్చులు వదులుగా ఉన్న చిత్రాలకూ పాస్టెల్, అంటే రంగు సుద్దలతో వేసిన చిత్రాలకూ మామూలు యాక్రిలిక్ వాడలేరు, దాని స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. ఇక కొన్నిటికి అద్దమే లేదు. ఇవన్నీ గోడ ముందు రెండు నిమిషాలు నిలబడి చూసిన సందర్శకుడికి తెలిసేవి కావు. కాంతి మెరవని మంచి అద్దాన్ని దూరం నుంచి చూస్తే అద్దం ఉన్నట్టే కనబడదు.

అద్దం లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఉదాహరణలు ఉన్నాయి. 1985లో ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఒకడు రెంబ్రాంట్ ‘డానే’ను కత్తితో పొడిచి సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లాడు. బాగుచేయడానికి పన్నెండేళ్లు పట్టింది, కొన్నిచోట్ల పోయిన రంగు పోయినట్టే. 1990లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘నైట్ వాచ్’ మీద ఆమ్లం పడ్డప్పుడు కాపలాదారులు వెంటనే నీళ్లు చల్లి పలుచన చేయడంతో నష్టం వార్నిష్ దగ్గరే ఆగింది. ఆ ఇద్దరు దుండగులకూ వాతావరణ ఉద్యమానికీ సంబంధం లేదు, ఉద్యమకారులను వాళ్లతో పోల్చడం అన్యాయం. కానీ గదిలో కాపలా ఉన్నవాళ్ల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ఎవరో డబ్బా మూత తీసి విసురుతున్నారు. అందులో ఉన్నది టమాటో సూపా, ఆమ్లమా అన్నది ఆ క్షణంలో వాళ్లకు తెలియదు. ఆమ్లమైతే తక్షణం నీళ్లు చల్లాలి. సూప్ అయితే నీళ్లు చల్లడం వల్ల ద్రవం ఇంకా లోపలికి పోతుంది. ఆ నిర్ణయాన్ని ఓ మామూలు జీతగాడి మీద, ఒక్క క్షణంలో తీసుకొమ్మని పడేయడం నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

జిగురు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మెత్తని పద్ధతి అని పేరు తెచ్చుకుంది. వాడేది సైనోయాక్రిలేట్, అంటే మన ఫెవిక్విక్ లాంటిది. చర్మంలో ఉండే తేమ తగిలితేనే అది సెకన్లలో గట్టిపడుతుంది. దాన్ని త్వరగా కరిగించేది అసిటోన్. అదే అసిటోన్ పాత వార్నిష్‌నూ, ఫ్రేము మీది రంగునూ, యాక్రిలిక్‌నూ కరిగిస్తుంది. అందుకే గోరువెచ్చని సబ్బునీళ్లు, నూనె పట్టించి చర్మాన్ని కొద్దికొద్దిగా వదిలించాలి, అదీ నీరు ఫ్రేములోకి దిగకుండా. చేయి లాగేస్తే చర్మం ఊడుతుంది, బంగారు పూతా ఊడుతుంది. 2022 ఆగస్టులో వాటికన్ మ్యూజియంలో ‘లావోకూన్’ శిల్పం పీఠానికి ఇద్దరు చేతులు అంటించుకున్నారు. శిల్పాన్ని తాకలేదు, పాలరాతి పీఠాన్నే. అయినా వాటికన్ కోర్టు 2023లో సస్పెండ్ చేసిన తొమ్మిది నెలల జైలు శిక్షతో పాటు 28,000 యూరోలకు పైగా పరిహారం విధించింది. పాలరాయి గట్టిదే, కానీ పైపొర రంధ్రాలతో ఉంటుంది. జిగురు అందులోకి ఇంకితే పైపొరతో కలిసే వస్తుంది.

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో 2023 ఏప్రిల్‌లో డెగా చేసిన చిన్న నర్తకి బొమ్మ ఉన్న పారదర్శక పెట్టె మీదా పీఠం మీదా ఎరుపు, నలుపు రంగులు పూశారు. ఆ బొమ్మ తేనెమైనం, మట్టి, మనిషి జుట్టు, గుడ్డలతో చేసింది. అలాంటి వస్తువుకు ద్రవం చేరకపోయినా, పెట్టె మీద ఏ చిన్న దెబ్బ పడినా దాని కంపనం చేరుతుంది. పెట్టె రంగును ఆపుతుంది, కుదుపును ఆపదు.

2022 నవంబర్‌లో తొంభైకి పైగా మ్యూజియం డైరెక్టర్లు కలిసి ఇచ్చిన ప్రకటన చెప్పింది కూడా ఇదే: ఈ వస్తువులు ఎంత సున్నితమైనవో కార్యకర్తలు చాలా తక్కువ అంచనా వేస్తున్నారని. పదవిలో ఉన్నవాళ్ల మాట కాబట్టి చాలామంది దాన్ని పెద్దల కసురుగా కొట్టేశారు. అది సాంకేతికంగా సరైన మాట.

ఇప్పటిదాకా ఏ ప్రధాన చిత్రమూ ఈ నిరసనల్లో నాశనం కాలేదు, నిజమే. దానికి ఉద్యమకారుల జాగ్రత్తా కారణమే, చాలాచోట్ల అద్దం ఉన్నవాటినే ఎంచుకున్నారు. అయినా పదిసార్లు ఏమీ కాకపోవడం పదకొండోసారికి హామీ కాదు. పైగా ఆ పదకొండోసారి నష్టం జరిగితే భరించేది చమురు కంపెనీ కాదు, విసిరిన మనిషి కూడా కాదు. ఇంకా పుట్టనివాళ్లతో సహా ఆ చిత్రాన్ని చూడబోయే అందరూ భరించాలి. వాతావరణ ఉద్యమం చమురు కంపెనీలను నిలదీసేది సరిగ్గా ఈ మాట మీదే కదా: తిరిగి తేలేని దాన్ని, ఎవరినీ అడగకుండా, రాబోయే తరాల తరఫున పణంగా పెట్టకండి అని. అదే కొలత తమ పద్ధతికీ వర్తించాలి.

‘కళ ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా’ అని ఆ రోజు సన్‌ఫ్లవర్స్ ముందు అడిగారు. ప్రాణమే ముఖ్యం, ఇందులో వాదనకు తావు లేదు. కానీ ఆ చిత్రం మీద సూప్ పోస్తే ఎవరి ప్రాణమూ నిలవదు. పోయకపోతే ఎవరి ప్రాణమూ పోదు. రెండిటికీ మధ్య కారణ సంబంధం ఉంటేనే ఆ ప్రశ్నకు బలం.

ఇక్కడే లక్ష్యం ఎంపిక ముఖ్యమవుతుంది. కొన్ని మ్యూజియాలకు చమురు డబ్బుతో నేరుగా సంబంధం ఉంది. టేట్ గ్యాలరీకి బీపీ కంపెనీ 26 ఏళ్లు స్పాన్సర్. 2010 నుంచి లిబరేట్ టేట్ అనే బృందం దాని మీద పనిచేసింది. 2012లో వంద మందికి పైగా కలిసి 16.5 మీటర్ల గాలిమర రెక్కను ముక్కలుగా మోసుకొచ్చి టేట్ మోడర్న్ టర్బైన్ హాల్‌లో పెట్టి, ‘ఇది మా కానుక’ అన్నారు. 2015లో 25 గంటల పాటు ఆ హాలు నేల మీద బొగ్గుతో రాశారు, సందర్శకులు చుట్టూ నిలబడి చదివారు. ఒక్క చిత్రం దగ్గరికీ వెళ్లలేదు. బొగ్గు కాంక్రీటు నేల మీద నుంచి తుడిస్తే పోతుంది, అదొక ఆలోచించి చేసిన ఎంపిక. దీనికి సమాంతరంగా ఈ స్పాన్సర్‌షిప్‌ను ప్రశ్నించిన ఇతర ప్రచారకులు బ్రిటన్ సమాచార హక్కు చట్టం కింద పోరాడి, ట్రిబ్యునల్ దాకా వెళ్లి, 1990 నుంచి 2006 వరకు బీపీ ఏటా ఇచ్చింది 1,50,000 నుంచి 3,30,000 పౌండ్లేనని 2015లో బయటపెట్టించారు. అంత పెద్ద పేరు అంత చిన్న మొత్తానికి దొరికిందా అన్నది అప్పుడు అందరికీ తెలిసింది. 2016లో ఆ ఒప్పందం ఇక కొనసాగదని ప్రకటన వచ్చింది. వ్యాపార పరిస్థితులే కారణమని బీపీ చెప్పింది. నిరసనల ఒత్తిడి ఎంత, వ్యాపారం ఎంత అన్నది బయటివాళ్లు గీత గీసి చెప్పలేరు, కానీ ఆ సంఖ్యలు బయటకు రావడం మాత్రం పూర్తిగా ఆ ప్రచారకుల గెలుపే.

ఓపియాయిడ్లనే, వ్యసనంగా మారే నొప్పి మందుల వ్యాపారం చేసిన శాక్లర్ కుటుంబం మీద ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ నడిపిన ఉద్యమమూ ఇలాంటిదే. 2018లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, శాక్లర్ పేరున్న విభాగంలోనే, నీటి కొలనులో మందు సీసాలు వేశారు. మరుసటి ఏడాది గుగ్గెన్‌హైమ్ మ్యూజియం మెట్ల వంపు మీద నుంచి వేల కాగితాలు మందుల చీటీల్లా రాల్చారు. 2019లో లూవ్ర్, 2021లో మెట్రోపాలిటన్ ఆ పేరును తమ గోడల మీద నుంచి తీసేశాయి. ఇక్కడ డబ్బు ఎవరిదో, పేరు ఎక్కడుందో, నిరసనా అక్కడే జరిగింది. చూసినవాడికి ‘ఇది ఇక్కడే ఎందుకు’ అన్న అనుమానం రాలేదు. సన్‌ఫ్లవర్స్ విషయంలో ఆ అనుమానమే వార్తంతా తినేసింది. వియన్నా లియోపోల్డ్ మ్యూజియంలో 2022 నవంబర్‌లో క్లిమ్ట్ చిత్రం మీద నల్లని ద్రవం పోసినప్పుడు నిజానికి బలమైన సంబంధం ఉంది: ఆ రోజు ఉచిత ప్రవేశానికి డబ్బిచ్చింది ఆస్ట్రియా చమురు కంపెనీ ఓఎంవీ. ఆ సంగతి ఎంతమందికి గుర్తుంది? అదే స్పాన్సర్ బోర్డు ముందు నిలబడి ఉంటే ఫొటోలో కంపెనీ పేరు పడేది.

ఫలితం గురించి నిజాయితీగా రెండు వైపులా చెప్పాలి. రోడ్లు ఆపడం, కళాఖండాలకు హాని చేయడం లాంటి పద్ధతుల గురించి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని అనెన్‌బర్గ్ కేంద్రం 2022లో అమెరికన్లను అడిగితే, తమ మద్దతు తగ్గుతుందన్నవాళ్లు 46 శాతం, పెరుగుతుందన్నవాళ్లు 13 శాతం, తేడా లేదన్నవాళ్లు 40 శాతం. ఇది నిరసనకారులకు చేదు లెక్క. మరోవైపు, లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారిని అదే ఏడాది జస్ట్ స్టాప్ ఆయిల్ స్తంభింపజేసిన తర్వాత, మెతక పద్ధతుల్లో పనిచేసే పర్యావరణ సంస్థ అయిన ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్‌కు మద్దతు కొంత పెరిగినట్టు 2024లో వచ్చిన పరిశోధన చూపింది. అంటే తీవ్ర పద్ధతి పక్కవాడికి మేలు చేయవచ్చు. కానీ అది రహదారి, చిత్రం కాదు. రోడ్డు ఆగితే మళ్లీ తెరుచుకుంటుంది. ఆ ఫలితాన్ని మ్యూజియానికి అరువు తెచ్చుకోలేం.

1914లో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన మేరీ రిచర్డ్‌సన్ ఇదే ‘రోక్‌బీ వీనస్’ను మాంసం కోసే కత్తితో నరికిన సంగతి చాలామంది సమర్థనగా తెస్తారు. స్త్రీల ఓటు హక్కు న్యాయమైనదే, ఆ తర్వాత వచ్చింది కూడా. అయితే ఆ కత్తి దెబ్బకే వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. ఆమె మాత్రం ఏమీ కాదని చెప్పుకోలేదు, చిత్రాన్ని పాడు చేయడమే ఉద్దేశమని ఒప్పుకుంది. ఆమెను ఆదర్శంగా తెచ్చుకుంటూ ‘అద్దం ఉంది’ అనడం పొసగదు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పాలి.

శిక్షల విషయంలో నా అభిప్రాయం ఉద్యమకారుల వైపే ఉంది. సన్‌ఫ్లవర్స్ కేసులో 2024 సెప్టెంబర్ 27న ఒకరికి రెండేళ్లు, మరొకరికి 20 నెలల జైలు పడింది. 10,000 పౌండ్ల లోపు ఫ్రేము నష్టానికి, ఎవరికీ గాయం లేని ఘటనకు అది ఎక్కువ. పరిహారం, సమాజ సేవ, మ్యూజియంలోకి రాకుండా ఆంక్ష సరిపోయేవి. పెద్ద శిక్ష ఆపిందా అంటే అదీ లేదు, తీర్పు వచ్చిన కాసేపటికే ముగ్గురు అదే గ్యాలరీలో రెండు సన్‌ఫ్లవర్స్ చిత్రాల మీద సూప్ పోశారు. వాటిలో ఒకటి ఫిలడెల్ఫియా నుంచి ప్రదర్శనకు అరువు తెచ్చింది. ఆ తర్వాత అక్టోబర్ 18 నుంచి గ్యాలరీ పసిపిల్లల పాలు, మందులు మినహా ద్రవాలన్నిటినీ నిషేధించింది. అసలు నష్టం ఇక్కడే నెమ్మదిగా పేరుకుంటుంది: సంచుల తనిఖీ, పొడవాటి క్యూలు, ఇంకా ఎక్కువ చిత్రాలకు అద్దాలు, అరువివ్వడానికి వెనకాడే మ్యూజియాలు. ఉచితంగా, ఎవరూ అడ్డుకోకుండా లోపలికి నడిచి వెళ్లి చూడగల చోటు తగ్గిపోతోంది.

మ్యూజియం సిబ్బందిలో ఎవరైనా దీన్ని చదువుతుంటే, ఘటన జరిగిన మొదటి నిమిషాల్లో చేయాల్సినవి తేలికే కానీ వరుస ముఖ్యం. ముందు మనుషుల్ని దూరం జరపాలి. డబ్బా, సీసా ఏదైనా మిగిలితే పక్కన పెట్టాలి, లోపల ఏముందో కన్జర్వేటర్‌కు అదే చెబుతుంది. ఘాటైన వాసన, పొగ, నురుగు కనబడితే ఆమ్లమని అనుకుని తమ పద్ధతి ప్రకారం నడవాలి. లేదంటే ఏదీ తుడవకూడదు. తుడిస్తే ద్రవం అంచులకు పోతుంది. అడుగు అంచు కింద పీల్చే కాగితాన్ని ఒత్తకుండా ఆనించాలి, తడిసినప్పుడల్లా మార్చాలి. చిత్రాన్ని వంచకుండా నిటారుగానే ఉంచి, తేదీ సమయం పడేలా ఫొటోలు తీసి, కన్జర్వేటర్ వచ్చాకే దింపాలి. చేతులు అంటించుకున్న మనిషిని లాగొద్దు. అతనికి నొప్పి కలగకుండా చూడటం కూడా మీ పనే.

మన దగ్గరికి వస్తే ‘అద్దం ఉంది’ అన్న వాదన అసలు పుట్టదు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలకు ఏ అద్దమూ లేదు, సున్నపు పూత మీది రంగులవి. రక్షిత కట్టడాలకు హాని చేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. 1984 నాటి ప్రజా ఆస్తుల చట్టం కింద ఐదేళ్ల వరకు పోవచ్చు. అందువల్ల ఇక్కడ ఎవరైనా ఇలాంటి నిరసన గురించి ఆలోచిస్తుంటే, దయచేసి రంగుకూ రాతికీ దూరంగా ఉండండి.

డబ్బు గురించి అడగడానికి మాత్రం మనకు మంచి పనిముట్టు ఉంది. లండన్ సైన్స్ మ్యూజియంలో 2024 మార్చిలో అదానీ గ్రీన్ ఎనర్జీ పేరుతో ఒక గ్యాలరీ తెరిచారు. ఆ ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ ఇద్దరు ట్రస్టీలు 2021లోనే రాజీనామా చేశారు. కార్పొరేట్ డబ్బుతో గ్యాలరీలు మన ప్రభుత్వ మ్యూజియాల్లోనూ వస్తే, హైదరాబాద్ సాలార్‌జంగ్ లాంటి కేంద్ర సంస్థకు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. అడిగేటప్పుడు ‘స్పాన్సర్ల వివరాలు ఇవ్వండి’ అని వదులుగా రాయకండి. ఏ ఆర్థిక సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, సంస్థల వారీగా అందిన మొత్తం ఎంత, ఒప్పంద పత్రం నకలు, గ్యాలరీకి పేరు పెట్టే షరతు ఉందా, సంస్థ గురించి విమర్శ చేయకూడదన్న షరతు ఉందా, ఒప్పందాన్ని ఆమోదించిన బోర్డు సమావేశపు మినిట్స్, ఇలా విడివిడిగా అడగండి. వ్యాపార రహస్యం అని తిరస్కరిస్తే, ప్రజా ప్రయోజనం దానికన్నా ఎక్కువని చట్టం అంగీకరించే మినహాయింపు ఉంది, అప్పీల్లో దాన్నే ఆధారంగా చూపండి.